చిలకమ్మ చెప్పిన కీ

"కంప్యూటరు చెడిపోయి ఉండవచ్చు అని రాసేస్తానమ్మా. మీ ఆయన బదులు నీకు రావాల్సిన ఉద్యోగానికి ఢోకా ఉండదు. ఇక్కడ వేలిముద్ర వెయ్యి," అన్నాడు ఎంక్వైరీ ఆఫీసరు సత్యవేదం.

చిలకమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఉండొచ్చు అంటే కుదరదు బాబూ. ఆయన తప్పు లేదని రాయండి. నూకయ్య పెళ్లాం మా ట్రాఫిక్ కాలనీ కుళాయి కాడ నా మొకం సూడ్డం లేదు. మీ ఇంటాయనే నా బొట్టు సెరిపేసినాడు అంతంది."

రెండు నెలల కిందట, ఒక మంగళవారం ఒంటిగంటకు పది నిమిషాలుందనగా రైల్వే షెడ్డులో బాయిలర్ పేలింది. నూకయ్యా, చిలకమ్మ భర్త దేముడూ ఇద్దరూ పోయారు. బాయిలర్ ఒత్తిడిని నిమిషం నిమిషం లాగ్‌లో రాసి, హద్దు మీరితే అలారం మోగించే ప్రోగ్రాము దేముడు రాసిందే. సైకిలేసుకుని హిజ్లీలోని ఇంజనీరింగు కాలేజీ దాకా పోయి, అక్కడి కుర్రాళ్లను బతిమాలి నేర్చుకుని రాశాడు పాపం. అలారం మోగితే పరుగెత్తాల్సిందీ అతనే. ఆ రోజు మాత్రం అది కిక్కురుమనలేదు.

ఎందుకు మోగలేదో అతని సెట్టింగుల్లో ఉంటుంది. కంప్యూటరు ముందు కూర్చున్న ఆర్థర్, దేముడి జతగాడు, పొద్దుటి నుంచీ వాటితోనే కుస్తీ పడుతున్నాడు.

"ప్రతి సెట్టింగుకీ ఒక కీ ఉంటాది వదినా. ఆ మాట సరిగ్గా కొడితేనే దాని ఎదర ఏటుందో సూపిస్తాది. నేకపోతే 'లేదు' అంటాది. అలారం అని కొట్టినాను, వార్నింగ్ అని కొట్టినాను, నీ పేరు, పిల్లల పేర్లు, అన్నీ అయిపోనాయి. ఒగ్గీ వదినా. సారు మన మంచికే సెప్తన్నారు."

చిలకమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. ఉద్యోగం ఎవరికి కావాలి? చచ్చినవాడి మీద ఆ 'ఉండవచ్చు' మచ్చలా మిగిలిపోతుందే అన్నదే ఆమె బాధ.

"ఆ అలారం అంటే ఎంత మురిపెమో ఆయనకి. అచ్చం నీ కేకలాగే ఉంటాదే, ఇంటే పలక్కుండా ఉండలేను అనీవోరు."

ఆర్థర్ కుర్చీలో ఇటు తిరిగాడు. "నువ్వేటని కేకేసీదానివి వదినా?"

"ఏటనేటి? మొగుణ్ణి పేరెట్టి పిలుత్తామా? ఇరవై ఏళ్లూ 'ఇన్నారా' అనే పిలిసినాను."

ఆర్థర్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'ఇన్నారా' అని కొట్టాడు. ఈసారి తెర మీద 'లేదు' అని రాలేదు.

చిలకమ్మ రెండు చేతులూ ఎత్తి తెరకు దణ్ణం పెట్టింది. రెండు నెలల్లో ఆమె మొహంలో నవ్వు కనిపించడం అదే మొదలు.

"పైకి సదువు బాబూ. గట్టిగా సదువు. సారు ఇని రాసుకుంటారు."

ఆర్థర్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. సత్యవేదం కళ్లజోడు పెట్టుకుని, అతని భుజం మీదుగా వంగి తానే చదివాడు.

"అలారం ఆపడమైనది. మంగళవారం, పదకొండూ ఇరవై నుంచి ఒంటిగంట దాకా. ఆపినది దేముడు."

చిలకమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె ఇంకా నమ్మలేదు.

"కాదు బాబూ. ఇంకెవరో ఆయన పేరెట్టి కొట్టినారు. మేకు పీకినా ఎందుకు పీకినాడో రాసుకునీ మనిసి. ఎందుకాపినాడో రాసుండాల కదా? రాసినాడేటి?"

"రాశాడమ్మా," అన్నాడు సత్యవేదం. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఆ చివరి వరుస చదివాడు.

"కారణం: చిలకమ్మకు జ్వరం. ఇంటికెళ్లి ఇంత గంజి కాచి పెట్టి వస్తాను."