నాలుగో గదిలో ఎవరు?

"మీరిద్దరే! మా తమ్ముణ్ణి ఆ గదిలో పెట్టి సీలు వేసింది మీరిద్దరే!"

మేస్త్రి అక్క కంట్రోల్ రూమ్ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఆ పళ్ళ గోడౌన్‌లో కూలీలందరికీ ఆమే పెద్ద. ఆమె తమ్ముడు ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. టీ వేళకి రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు. చివరిసారి కనబడింది నాలుగో గది దగ్గర. ఆ గది మూసి ఇరవై నిమిషాలైంది.

మూసిన గదిలోకి నైట్రోజన్ వదులుతారు. పళ్ళు నెలల తరబడి నిగనిగలాడతాయి. మనిషికి మాత్రం ఊపిరి అందదు. అందుకే మూసేముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చెప్పే కంప్యూటర్ మిషన్ పెట్టారు.

"అరవకమ్మా," అన్నాడు మేనేజరు. "మిషన్ని అడక్కుండా మేం ఏ గదీ మూయం."

"అడిగారా? ఏం చెప్పింది?"

మేనేజరు తెరకి అడ్డంగా జరిగాడు.

ఆమె రెండోవాడి వైపు తిరిగింది. అతన్ని అందరూ బ్రాకెట్ అంటారు. గోడౌన్‌ని నడిపే ప్రోగ్రామంతా స్కీమ్ అనే కంప్యూటర్ భాషలో రాశాడు. ఆ భాషలో ఎటు చూసినా బ్రాకెట్లే. మూడు వారాల కిందట ఆ స్కీమ్‌కి తర్కం కూడా నేర్పాడు. ఏ గది తలుపు దగ్గర ఎవరెవరు లోపలికెళ్తూ, బయటికొస్తూ కార్డు గీకారో దానికి తెలుసు. 'లోపలికెళ్ళి బయటికి రానివాడు లోపలున్నట్టే' అని ఒక్క నియమం చెప్పి ప్రశ్న అడిగితే చాలు, జవాబు అదే వెతుక్కుంటుంది.

"నువ్వు చెప్పు తమ్ముడూ. ఏమంది నీ మిషను?"

బ్రాకెట్ తెర ఆమె వైపు తిప్పాడు. ఎర్ర అక్షరాల్లో ఆమె తమ్ముడి పేరు.

"పేరు చూపించినా మూశారా!"

"రోజూ ఎవడో ఒకడు కార్డు గీకకుండా పోతాడమ్మా. రోజూ ఎర్రగానే వస్తుంది," మేనేజరు నసిగాడు. "ఇదీ అంతే అనుకుని 'పర్వాలేదు' నొక్కేశాను."

"నీ పర్వాలేదు తగలెయ్య! తియ్యండి తలుపు!"

తీశారు. ఉన్నది ఒక్కటే మాస్కు. అది పెట్టుకుని గోడౌన్ మెకానిక్ లోపలికెళ్ళాడు. కప్పు దాకా పేర్చిన పెట్టెలు. తలుపు పక్కనే, మొదటి వరుస దగ్గర, డ్రైవరు బోర్లా పడి ఉన్నాడు. ఈడ్చుకొచ్చి కంట్రోల్ రూమ్‌లో పడుకోబెట్టారు. పెదాలు నీలం తిరిగాయి. ఆక్సిజన్ సిలిండర్ పెట్టారు. ఒక నిమిషం. రెండు. అప్పుడు ఛాతీ పైకి లేచింది.

"బతికావురా సన్నాసీ!" అక్క వాడి తల ఒళ్ళోకి తీసుకుని భోరుమంది.

మేనేజరు చెమట తుడుచుకున్నాడు. "అంబులెన్స్ వస్తోంది. తలుపు బార్లా ఉంది, సరుకు పాడైతే అందరికీ మూడుతుంది. ఇక మూసేద్దాం."

"మిషన్ని అడిగి మూసి చావండి," అంది అక్క.

బ్రాకెట్ అడిగాడు. మళ్ళీ ఎర్ర అక్షరాలు. మళ్ళీ అదే పేరు.

ఏడుస్తున్న అక్కకి నవ్వొచ్చింది. "వీడు నా ఒళ్ళో ఉంటే లోపలున్నాడంటుందేంటి, నీ మొద్దు మిషను?"

"ఈడ్చుకొచ్చాం కదక్కా," అన్నాడు బ్రాకెట్. "కార్డు గీకించలేదు. దాని దృష్టిలో ఇంకా లోపలే."

మేనేజరు 'పర్వాలేదు' నొక్కాడు. తలుపు మూసుకుంది. గొట్టాల్లో గ్యాస్ బుస్సుమంది.

"వీడి పేరు తర్వాత ఇంకే పేరూ రాలేదుగా?" కళ్ళు తుడుచుకుంటూ అడిగింది అక్క.

"రాదక్కా. ఒక్క మనిషున్నా గది మూయకూడదు కదా. అందుకని ఒక్క పేరు దొరకగానే వెతకడం ఆపెయ్యమని నేనే..."

బ్రాకెట్ కీబోర్డు మీదికి వంగి ఆ 'ఆపు' చెరిపేశాడు. మొదటి పేరు దాటి మిగతా పేర్లు కూడా వెతకమన్నాడు. తెర మీద పేర్లు ఒకటొకటిగా దిగాయి. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు.

"గ్యాస్ ఆపండి, లోపల ఇంకా ముగ్గురున్నారు!"