ఏదుపంది గోడ

అడవిలో రెండు మడుగులుండేవి. ఏ మడుగు నీళ్లు తాగి ఎవరు జబ్బుపడ్డారో జంతువులు వచ్చి చెబితే, ముసలి ఏదుపంది తన బొరియ గోడ మీద ముల్లుతో గీతలు గీసేది.

ఒక ఎండాకాలం ఓ జింక తన పిల్లతో వచ్చింది. "తాతా, పిల్ల దాహంతో అల్లాడుతోంది. ఏ మడుగు మంచిది?"

"అంతా గోడ మీదే ఉంది. నేనేమైనా దాచానా? లోపలికొచ్చి చూసుకో."

జింక తల దూర్చింది. మెడ పట్టలేదు. లోపలంతా చీకటి. "ఏమీ కనబడటంలేదు. ఒక్క మాట చెప్పరాదూ?"

"ఒక్క మాటా! ఇరవై ఏళ్ల కష్టమే ఇది!"

జింక దగ్గర్లో ఉన్న మడుగుకే వెళ్లింది. మర్నాడు ఒంటరిగా తిరిగొచ్చింది.

"తూర్పు మడుగు. ఇంకో గీత గీసుకో తాతా," అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. జంతువులన్నీ నీళ్లు వెతుక్కుంటూ కొండ దాటిపోయాయి. చాన్నాళ్లకు ఏదుపంది బయటికొచ్చి, ఒంటి మీది ముల్లొకటి పీకి, అందరికీ కనబడేలా తూర్పు మడుగు ఒడ్డున గుచ్చింది. ఎవరైనా వస్తారేమోనని సాయంత్రం దాకా చూసింది.

పడమటి మడుగు నిండా మంచినీళ్లున్నాయి. తాగడానికి ఏదుపంది ఒక్కటే మిగిలింది.