శుక్రవారం శుభ్రం

"మిషన్ ఆపమంటి కదప్పా," అన్నాడు బాలకృష్ణయ్య. వినోద్ కుమార్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎప్పుడన్నారు సావుకారూ? నేను మెయిల్ పెడితే ఉలకలేదు, పలకలేదు."

జమ్మలమడుగు దగ్గరి ఆ బండల ఫ్యాక్టరీకి బాలకృష్ణయ్య యజమాని, వినోద్ సూపర్‌వైజరు. కోత మిషన్‌కు అడ్డంగా ఉండే రక్షణ రేకు విరిగినా మిషన్ నడిచింది. పోయిన శనివారం అక్కడ పనిచేసే మునెమ్మ చేతివేళ్లు అందులో పోయాయి. ఆమె ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఉంది. విచారణకు వచ్చిన లేబర్ ఆఫీసరు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తప్పు ఎవరిదని తేలితే కేసు వాళ్లమీదే అన్నాడు.

వినోద్ మనసులో లెక్కలు వేసుకున్నాడు. రేకు విరిగిననాడు యజమాని చెన్నైలో ఉన్నాడు. జవాబు రాలేదు, సరుకు పంపే తొందర, అందుకే నడిపించాడు. ఇప్పుడు సావుకారు మాట మారిస్తే తన గతేమిటి? బలిచ్చేది మేకనే గానీ పులిని కాదు కదా.

మెయిల్ చూపించమన్నాడు ఆఫీసరు. ఇద్దరి దగ్గరా లేదు. ఆ ఆఫీసులో శుక్రవారం పొద్దున్నే గచ్చు కడిగి, కంప్యూటర్లకు కుంకుమ పెట్టి, మెయిల్ బాక్సులు కూడా ఖాళీ చేస్తారు. చెత్త ఉన్నచోట లక్ష్మి నిలవదని సావుకారు నమ్మకం. పూజ ఆయనది, బాక్సులు తుడిచే పని వినోద్‌ది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడు కంప్యూటర్లు చూసే అన్సర్ నోరు విప్పాడు. విదేశీ బేరగాళ్లు పట్టుబట్టి ఆర్కైవ్ పెట్టించారట. రేపు సరుకులో పేచీ వస్తే ఎవరేమన్నారో తేల్చుకోవడానికి. వచ్చిన మెయిలూ పోయిన మెయిలూ ఒక్కో కాపీ అందులో పడుతుంది. బాక్సు తుడిచినా అది పోదు. యజమాని తలుచుకున్నా చెరపలేడు.

వినోద్‌కు ప్రాణం లేచి వచ్చింది. తెరవమన్నాడు.

బాలకృష్ణయ్య ముఖం వాడిపోయింది. "వద్దులేప్పా. మునెమ్మ బాగోగులు నేనే చూసుకుంటా. ఈ మాట ఈడితో ఇడిచిపెడదాం."

తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు సావుకారు. వినోద్‌కు లోలోపల ఎంత సంతోషమో.

"తెరువు అన్సరూ. ఇంక యాడ దాస్తారో నేనూ చూస్తా."

రేకు విరిగింది, మిషన్ నడపమంటారా అని గురువారం సాయంత్రం వినోద్ పెట్టిన మెయిల్ బయటపడింది. ఆఫీసరు చదివి తలూపాడు. గెలిచాననుకున్నాడు వినోద్.

"దీనికి జవాబు కూడా ఉండాది సార్," అన్నాడు అన్సర్.

అదే రాత్రి చెన్నై నుంచి బాలకృష్ణయ్య రాసింది: కొత్త రేకు పడేదాకా మిషన్ ఆపేయండి, సరుకు ఆలస్యమైనా ఫర్వాలేదు.

మరునాడు శుక్రవారం. పొద్దున్నే వచ్చి, ఏమొచ్చిందో చూడకుండానే బాక్సులన్నీ తుడిచేసింది వినోదే. ఆఫీసరు కాగితం ముందుకు లాక్కుని అతని పూర్తి పేరు అడిగాడు.

బాలకృష్ణయ్య తలెత్తలేదు.

"నీ మీదికొస్తాదనే కదప్పా, తెరవద్దంటి."