బెన్సన్ మీద కేసు

“కొట్టేశారు తాతగారూ! శిక్ష రద్దు! ఇక మీ మీద ఏ మచ్చా లేదు!”

హైకోర్టు నుంచి లాయరు మనోజ్ఞ ఫోనులో అరిచింది. ఫిల్మ్‌నగర్ ఫైటర్ల యూనియన్ ఆఫీసు ఈలలతో దద్దరిల్లింది.

టీకొట్టు ఎల్లమ్మ మైసూర్‌పాక్ ముక్క తెచ్చి బెన్సన్ నోటికి అందించింది. “ఇగ ఫికర్ లేదు, బెన్సనూ. జర నోరు తెరువు!”

బెన్సన్ ఒకప్పుడు హీరో శ్రీకృష్ణకి డూపు. మేడ మీంచి పడాలన్నా, మంటల్లో దూకాలన్నా హీరోగారి విగ్గు, చొక్కా వేసుకుని ఈయనే దిగేవాడు. చప్పట్లు ఆయనకి, కట్లు ఈయనకి.

నలభై ఏళ్ల కిందట, ఔట్‌డోర్ షూటింగులో, లాడ్జి మీద పోలీసులు పడ్డారు. ఫలానా గదిలో ఇద్దరు మగవాళ్లున్నారని ఎవడో ఉప్పందించాడు. తలుపు తీసింది బెన్సన్. షూటింగు విగ్గు, చొక్కా ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. వెనక కిటికీ బార్లా తెరిచి ఉంది. రెండోవాడెవడో చెప్పమని ఎంత తన్నినా నోరు విప్పలేదు. కోర్టులో కూడా “నేనేనండీ” అన్నాడు. జైలుకెళ్లాడు. యూనియన్ పేరు కొట్టేసింది. ఆపైన బోరబండలో పంక్చర్లు వేసుకుంటూ బతికాడు.

ఇష్టపడ్డ ఇద్దరి మధ్య అది నేరమే కాదని చట్టం మారేసరికి బెన్సన్ మోకాళ్లు అరిగిపోయాయి. చట్టం మారినా పాత శిక్ష జిగురులా అంటుకునే ఉంది. “ఫైటరుగా బతికాను, ఫైటరుగానే పోతాను. నా కార్డు నాకివ్వండి” అని ఒకటే పంతం. శిక్ష పోతే ఇస్తామన్నారు యూనియన్‌వాళ్లు.

ఇచ్చారు. కార్డు చొక్కా జేబులో పెట్టుకుని బెన్సన్ పెళ్లికొడుకులా మెరిసిపోయాడు.

అంతలో జూబ్లీహిల్స్ నుంచి శ్రీకృష్ణ కారు వచ్చింది. వెనకాల ఉండి ఈ కేసు నడిపించింది ఆయనే. అందరూ లేచి నిలబడ్డారు.

“ఎప్పటి డూపో! వాడి పరువు కోసం ఇంత తాపత్రయపడే హీరో ఎక్కడైనా ఉంటాడా సార్?” అన్నాడు ప్రెసిడెంటు వరప్రసాద్. “మీది వెన్నలాంటి మనసు!”

శ్రీకృష్ణ కళ్లు తుడుచుకున్నాడు.

బయట తీన్‌మార్ డప్పులు మొదలయ్యాయి. జనమంతా అటు పరిగెత్తారు. బెన్సన్ చెయ్యిచ్చి పెద్దాయన్ని మళ్లీ కారు ఎక్కించాడు. ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

“నీకు ఎంత అన్యాయం జరిగిందిరా, బెన్సన్...”

బెన్సన్ పకపకా నవ్వేశాడు.

“ఊరుకోండి సార్! మంటల్లో దూకింది నేను, పేరు మీకొచ్చింది. ఆ లాడ్జి గదిలో ఇంకొకరితో ఉన్నది మీరు, పేరు నాకొచ్చింది... చెల్లుకు చెల్లు!”