మంచం పక్క కుర్చీ

ఆదివారం ఎప్పటికన్నా ముందే, మూడింటికి ఆమె వార్డులో అడుగుపెట్టేసరికి, అమ్మ మంచం పక్క కుర్చీలో ముసలి సిస్టరు నిద్రపోతోంది.

అమ్మ దుప్పటి సిస్టరు భుజాల మీద ఉంది.

అమ్మకు పెట్టిన జావగిన్నె ఖాళీగా ఉంది.

అమ్మ మాత్రం ఎముకల గూడులా దిండుకు జారబడి, కళ్లు తెరుచుకుని కూర్చుంది.

"మీరెవరండీ?" అంది గుసగుసగా.

రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఇదే ప్రశ్న. ఒకప్పుడు కూతుర్ని 'పిచ్చుకా' అని తప్ప మరోలా పిలిచి ఎరగని మనిషి.

"నేనమ్మా, నీ కూతుర్ని."

"మెల్లిగా మాట్లాడండి," అంది అమ్మ, పెదవుల మీద వేలుంచుకుని.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆమె బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నూట ఇరవై కుట్టుమిషన్ల మధ్య ఎవరి తల వాలినా ఇట్టే పట్టేస్తుంది. పదహారేళ్లుగా తింటున్నది ఆ కళ్లు పెట్టిన తిండే. ఇక్కడా పట్టేసింది. అమ్మ తిండి తిని, అమ్మ దుప్పటి కప్పుకుని, హాయిగా నిద్ర!

సిస్టరు వేళ్ల మధ్య జపమాల ఉంది. జారిపోలేదు. అదీ చూసింది గాని పట్టించుకోలేదు.

నేరుగా పెద్ద సిస్టరు గదికి వెళ్లింది.

ఆవిడ ఈ ఆశ్రమానికి వచ్చి ఇంకా నెల కాలేదు. వెనక గోడమీద పాత ఫొటో. ముగ్గురు సిస్టర్లు, మూడు చెక్క కుర్చీలు.

"మా సంఘం మొదలైంది ఆ మూడు కుర్చీలతోనేనమ్మా," అంది పెద్ద సిస్టరు, ఆమె చూపు గమనించి. "అప్పట్లో ఇల్లు లేదు, మందుల్లేవు. కుర్చీ పట్టుకుని వెళ్లి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చునేవాళ్లు. అందుకే ఇక్కడ ప్రతి మంచానికీ ఒక కుర్చీ."

"కూర్చోడానికా, కునుకు తియ్యడానికా?"

పెద్ద సిస్టరు ముఖం చిన్నబోయింది. ముసలి సిస్టరుకు కబురు పెట్టింది.

ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి నిలబడింది.

"డ్యూటీలో కళ్లు మూసుకున్నారా సిస్టర్?" అని అడిగింది పెద్ద సిస్టరు.

"మూసుకున్నానమ్మా."

"ఇవాళేనా?"

"రోజూ. మూడు పూటలా."

"ఇంకేమైనా చెప్పుకుంటారా?"

ముసలి సిస్టరు తల అడ్డంగా ఊపింది. తరవాత ఆమె వైపు తిరిగింది.

"సాయంత్రం గిన్నె ఒక్కటీ నన్ను పెట్టనిస్తారా అమ్మా?"

"మీరు పెట్టిన భాగ్యం చూశాంలెండి. అక్కర్లేదు."

మర్నాడే సిస్టరును రెండు రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్న మరో ఆశ్రమానికి పంపేశారని తెలిసింది. ఆమె మనసు కుదుటపడింది.

ఆరో రోజు ఫోనొచ్చింది. అమ్మ ఏమీ తినడం లేదు.

ఆమె పరుగున వచ్చింది. చెంచా దగ్గరికి తెస్తే అమ్మ పెదవులు బిగిస్తోంది. చూపంతా ఖాళీ కుర్చీ మీదే.

ఆ ఉదయమే తన కూతురి పురుడు చూసుకుని తిరిగొచ్చిన వార్డు ఆయా, ఆమెను గుమ్మం దగ్గరికి పిలిచి అందుకుంది.

"ఎంత పని చేశావు తల్లీ! నిద్రపోయేవాళ్ల చేతిలో జపమాల నిలుస్తుందా? మిషన్ల దగ్గర ఇంతమందిని చూసేదానివి, ఆ మాత్రం తెలీదూ?"

"మరి ఎందుకలా..."

"మొదట్లో మీ అమ్మ ఎవరెంత బతిమాలినా ముద్ద ముట్టలేదు. ఒకనాడు సిస్టరమ్మ అలిసిపోయి, ఆ కుర్చీలో నిజంగానే కునుకు తీసింది. లేచి చూస్తే దుప్పటి తన మీద, గిన్నె ఖాళీ! ఆ రోజు నుంచీ మూడు పూటలా దొంగనిద్రే. నేను గుమ్మంలో నించుని నవ్వాపుకోలేక చచ్చేదాన్ని."

"ఆవిడ ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"తమ మీద మాటొస్తే తమ తరఫున చెప్పుకోకూడదట. ఆ ఫొటోలోవాళ్లు పెట్టిన నియమం. మరి నాకా నియమం లేదుగా, నేనుంటే అరిచి చెప్పేదాన్ని."

"వెంటనే పిలిపించండి."

"కబురెళ్లింది. పొద్దున్నే బయల్దేరిందట." ఆయా గొంతు తగ్గింది. "డాక్టరు రెండు రోజులు గడవడం కష్టమంటున్నాడు."

ఆమె మళ్లీ మంచం పక్కకొచ్చి నిలబడింది.

చిన్నప్పటి ఒంటిగది ఇల్లు గుర్తొచ్చింది. అమ్మ కాలు కుట్టుమిషను మీద, చెయ్యి తన వీపు మీద. తను మెలకువగా ఉంటే అమ్మ తన వాటా కూడా తెచ్చి కూతురి నోట్లోనే పెట్టేసేది. అందుకని తను దొంగనిద్ర పోయేది. అమ్మ నెమ్మదిగా లేచి వెళ్లేది. గిన్నె మూత తీసిన చప్పుడు వినబడ్డాకే తనకు అసలు నిద్ర పట్టేది.

ఆ దొంగనిద్ర విద్య సిస్టరుకు వచ్చిందంటే, అది అమ్మ నేర్పిందే.

జావగిన్నె అమ్మకు అందేలా పెట్టి, ఆమె కుర్చీలో కూర్చుంది. మెడ పక్కకు వాల్చింది. కళ్లు మూసుకుంది.

చెంచా చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

చాలాసేపు ఏమీ వినబడలేదు.

తరవాత భుజం మీద ఎండుపుల్లల్లాంటి వేళ్లు తగిలాయి. ఆమె కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది. ఇప్పుడు దుప్పటి కప్పుతుంది.

"కాస్త లేస్తారా అండీ," అంది అమ్మ మర్యాదగా. "అది మా పిచ్చుక పడుకునే కుర్చీ."