వెచ్చని కొండ

ఆ కొండ మీది పిట్టలకు గుడ్లు పొదగడం తెలియదు. వెచ్చటి మట్టిలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, పూడ్చి పోతాయి. పొదిగే పనంతా కొండదే. అందుకే దాన్ని అమ్మమ్మ అని పిలుచుకునేవి.

ఆ ఏడు మట్టి కాళ్లకు చుర్రుమంది. ఓ పిట్ట మురిసిపోయి, ఇంకా లోతుగా తవ్వి మూడు గుడ్లు పూడ్చింది. "ఈసారి అమ్మమ్మకు నా పిల్లల మీద ప్రేమ పొంగుతోంది!"

కొండ దిగిపోతున్న ఉడుము ఆగింది. "అది ప్రేమ కాదే తల్లీ, లోపల నిప్పు రాజుకుంది. గుడ్లు బయటికి తీసి కిందికి దొర్లించుకుపో."

"తీస్తే మింగుదామనా? ఏటా నా గుడ్లు దొంగిలించే నీ మాట నమ్మాలా?"

ఉడుము తల దించుకుని వెళ్లిపోయింది.

మర్నాడే కొండ పగిలి నిప్పులు కక్కింది. పిట్టలన్నీ ఎగిరిపోయి ప్రాణాలు దక్కించుకున్నాయి. బూడిద చల్లారాక ఆ పిట్ట తిరిగొచ్చి, గోళ్లు అరిగేలా తవ్వింది. గుడ్లు చెక్కుచెదరలేదు. చెవి ఆనించి విన్నది. లోపల ఏ కదలికా లేదు. ఎప్పుడో ఉడికిపోయాయి.

ఆకలితో నకనకలాడుతూ వచ్చిన ఉడుము, ఆ గుడ్లను చూసి చూపు తిప్పుకుంది.

పిట్ట మాత్రం అవి చల్లబడతాయేమోనని రెక్కలు విప్పి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుడ్ల మీద కూర్చుంది.