నోటికేమీ ఇవ్వరాదు

భూమి సూర్యుని చుట్టూ తిరగడం మానితే మానవచ్చుగాని, పిల్లల వార్డులో ‘నోటికేమీ ఇవ్వరాదు’ అన్న అట్ట తగిలించిన మంచం దగ్గర బిస్కెట్టు ముక్కయినా కదలరాదు.

ఇది పెద్ద నర్సు శాసనం.

అటువంటి సామ్రాజ్యంలో, ఆపరేషన్ కోసం పస్తున్న అయిదేళ్ళ పాప పక్కన, చక్కెర నీళ్ళ గ్లాసుతో ఒక పరాయి స్త్రీ పెద్ద నర్సుకు పట్టుబడింది. పాప అమ్మానాన్నలు టీకి వెళ్ళిన అదను చూసుకుని వచ్చింది.

“ఎవరు నువ్వు? డాక్టరువా?”

“కాదండీ.”

“చుట్టానివా?”

ఆమె పాప వంక చూసింది. “కాదండీ.”

“మరి ఏ హోదాలో వెలగబెడుతున్నావమ్మా ఈ ఘనకార్యం?”

“ఆపరేషన్ ఆలస్యమట కదండీ. ఈ పాప ఆకలికి ఆగలేదేమో. కనీసం గ్లూకోజు పెట్టించండి, రక్తం పరీక్ష...”

“కత్తి కూడా నువ్వే పట్టు. సర్జనుగారు ఇంటికెళ్ళి పడుకుంటారు.”

నీళ్ళు సింకు పాలయ్యాయి. వాచ్‌మన్ ఆమెను రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

“దాని నీడ కూడా ఇటు పడకూడదు,” అని పెద్ద నర్సు దిగ్విజయం ముగించిన సేనానిలా టోపీ సర్దుకుంది.

మధ్యాహ్నానికి పాప మత్తుగా వాలిపోయింది. ఆపైన ఫిట్స్. రక్తంలో చక్కెర దాదాపు అడుగంటింది. గ్లూకోజు ఎక్కించగా ఎక్కించగా, సాయంత్రానికి కళ్ళు తెరిచింది.

వారం తరువాత పరీక్ష ఫలితం వచ్చింది.

“కొవ్వును శక్తిగా మార్చే ఎంజైము కోసం ఒక జన్యువుంటుంది. పాపలో అది చెడింది,” అన్నాడు డాక్టరు. “పస్తుంచితే ప్రాణం మీదికొస్తుంది. ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. మీరిద్దరూ రక్తమివ్వండి.”

పాప తల్లి తల దించుకుంది. “మా రక్తం దండగ డాక్టరుగారూ. పాపను మేం పెంచుకున్నాం.”

పక్కనే ఉండి విన్న పెద్ద నర్సు గేటు దాకా ఇంచుమించు పరుగెత్తింది.

“ఆవిడా?” అన్నాడు వాచ్‌మన్. “ఆ రోజంతా గోడవారనే నిలబడింది. మీరే కదమ్మా రానివ్వద్దన్నారు. పాప కళ్ళు తెరిచిందని చెబితే వెళ్ళిపోయింది.”

“ఎక్కడుంటుందో అడిగావా?”

“లేదమ్మా. ఆవిడ కొడుకు జ్వరమొచ్చి, తిండి మానేసి, నిద్రలోనే పోయాడట. పోయాక తేలిందట రోగం. వాడి అక్కనైనా బతికించుకుందామని వచ్చిందట.”